తెలీని పుస్తకం

ఈ ఉదయం బజారు నుంచి తెచ్చిన కంద తరుగుతుంటే అరచేతులు దురద పెట్టాయి. చింతపండు నీళ్ళతో కడుక్కున్నాను, నూనె రాసుకున్నాను, తగ్గలేదు. దురద ముంజేతుల దాకా పాకేసరికి వంట సంగతి పక్కన పెట్టి స్టవ్ ఆర్పేశాను. పదిహేనేళ్ళ కిందటి ఒక పాప వాచిన పెదవులు, ఆసుపత్రి బల్ల, దాని మీద నా పక్కన కూర్చున్న అప్పలసామి పెదనాన్న గుర్తుకొచ్చారు. ఆయన పోయి రెండు వానాకాలాలు దాటాయి.

పెదనాన్న మాకు చుట్టం కాదు. యాంగోన్‌లో మేమున్న మేడలోనే కింది వాటా ఆయనది. మా ముత్తాతలాగే ఆయన ముత్తాత కూడా శ్రీకాకుళం వైపు నుంచి ఓడరేవు కూలికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. వీధిలో బర్మావాళ్ళు ఆయన్ని ఊ సేన్ అని పిలిచేవారు. ముప్పై ఏళ్ళు బస్సులకు బాడీలు కట్టే షెడ్డులో పనిచేసి, మానేసిన ఏడాదే ఒక ముసలి జపాన్ మినీబస్సు కొన్నారు. అమెరికాలో జనం పడకా, పొయ్యీ ఉన్న బండ్లు వేసుకుని అడవుల పార్కులు తిరుగుతారని ఎవరో ఆయనకు వీడియో చూపించారట. ఇక మనిషికి నిద్ర పట్టలేదు. సీట్లు పీకి, మడిచే టేకు మంచాలు బిగించారు. గ్యాసు పొయ్యికి గూడు కట్టారు, టాపు మీద నీళ్ళ డ్రమ్ము కూర్చోబెట్టారు. పెద్దమ్మ గుమ్మంలో నిలబడి, "ఉన్న కొంపలో కుళాయి కారతంటే సూడ్డు గాని, సెక్రాల మీద ఇంకో కొంప కడతన్నాడు!" అని వచ్చేపోయేవాళ్ళకు చెప్పేది. వీధి పిల్లలు దానికి ఇల్లుబండి అని పేరు పెట్టారు. ఊరు దాటి ఒక్క రాత్రి కూడా గడపని కుటుంబాలు ఆ బండెక్కి లోగా పార్కుకో, పక్షులొచ్చే కాలంలో మోయున్‌జీ చిత్తడి నేలలకో వెళ్ళి వచ్చేవి.

నాకప్పుడు ఇరవై ఏళ్ళు. పదో తరగతి పరీక్ష రెండుసార్లు తప్పాను. మా వాళ్ళలో అది చిన్న సంగతి కాదు. పెళ్ళిళ్ళలో వడ్డిస్తున్నా, గుడిలో ప్రసాదం పంచుతున్నా నా వెనక "దానికేటి తెల్దు, పాపం" అన్న మాట వినబడేది. ఆ 'పాపం' నాకు మరీ మండేది. పెదనాన్న మాత్రం ఒకరోజు మెట్ల మీద నన్ను ఆపి, "మంగా, నీకు పప్పూ సారూ ఒండ్డం వొచ్చు కదా? బండిలో వంటకి మడిసి కావాలి. వస్తావేటి?" అన్నారు. వండటం వచ్చు అన్నాను. ఆ ఏడాది నన్ను గురించి 'వచ్చు' అన్న మాట నా నోట రావడం అదే మొదలు.

మొదటి ప్రయాణంలో మింగళాడోన్ దాటాక రోడ్డు పక్కన, బర్మావాళ్ళు నాట్ అని కొలిచే దేవుడి గుడి దగ్గర బండి ఆపారు. ఇక్కడ కొత్త బండి కొన్నవాళ్ళు దాన్ని ఆ గుడి ఎదుట మూడుసార్లు ముందుకూ వెనక్కూ నడిపి దేవుడికి దండం పెట్టిస్తారు. ఒక్కసారి చేయిస్తే చాలు. ఈయన ప్రతి ప్రయాణానికీ చేయించేవారు. అదీ చాలక ఇంటి దగ్గరే మన పద్ధతిలో నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు తొక్కించేవారు. బండి మూడోసారి ముందుకు వంగి లేచాక అడిగాను.

"ఇయన్నీ నమ్ముతావా పెదనాన్నా?"

"తెల్దమ్మా," అన్నారు హాయిగా. "ముప్పయ్యేళ్ళ నుంచి సూస్తన్నాను, ఇంకా తేల్లేదు. ఆ పుస్తకంలో రాసుందిలే."

ఆ పుస్తకం డ్రైవరు సీటు పక్కన రబ్బరు బ్యాండుతో కట్టి ఉండేది. పెదనాన్నకు తెలుగు మాటే గానీ అక్షరం రాదు. బర్మా అక్షరాలతో తెలుగు మాటలు రాసుకునేవారు. తనకు తెలియనిది ఏది ఎదురైనా అందులో రాసి, కింద రెండు గీతలు ఖాళీగా వదిలేవారు. నీటికాకి ఈదొచ్చాక రెక్కలు ఎండబెట్టుకుంటాది, బాతుకి అక్కర్లేదేటి? కోతి వానలో సెట్టు కిందకి పోకుండా తడుస్తా కూకుంటాది, ఎందుకు? కొన్నిటికి జవాబు ఆరేళ్ళ తర్వాత వేరే రంగు సిరాతో చేరేది. పార్కు చేరగానే ఆయన ఇంకో పట్టు పట్టేవారు. ఇంజను చల్లబడే దాకా ఎవరూ దిగకూడదు. లోపలే కూర్చుని ఏమేమి చప్పుళ్ళు వినిపిస్తున్నాయో ఒక్కొక్కరు చెప్పాలి. పిల్లలు గింజుకునేవారు. పది నిమిషాలయ్యేసరికి "అది కప్ప కాదు, చెట్టే!" అని వాళ్ళే కొట్లాడుకునేవారు.

ఇంత ముచ్చటైన బండిలో నేను చేసిన పనేమిటంటే అబద్ధాలు చెప్పడం. అతిథులు నన్ను ఆ పిట్ట పేరేమిటి, ఈ చెట్టు పేరేమిటి అని అడిగేవారు. తెలియదని చెప్పాలంటే నా నాలుక తిరిగేది కాదు. ఆ మాట అంటే మళ్ళీ వీధిలోకి, ఆ 'పాపం'లోకి వెళ్ళిపోతానేమోనని భయం. అందుకని నోటికొచ్చిన పేర్లు చెప్పేదాన్ని. వాళ్ళు తలూపి ఫోనుల్లో రాసుకుంటుంటే నాకు ఒళ్ళు ఉప్పొంగేది.

తడింజుత్ దీపాల పండుగ సెలవుల్లో డో మ్యా అనే టీచరమ్మ ఆరేళ్ళ మనవరాలు సూతో సహా మా బండిలో లోగాకు వచ్చింది. చెరువు గట్టున పొదల్లో, పాము చర్మంలా మచ్చలున్న కాడ మీద గొడుగులా విచ్చిన ఆకు నాకు కనిపించింది. కంద! మా పెళ్ళిళ్ళలో కందబచ్చలి లేని విస్తరి ఉండదు. మొక్కను చూసి కందను పోల్చడం ఏ తెలుగు ఆడపిల్లకు రాదు? పెదనాన్న పక్షుల వైపు వెళ్ళగానే పార్కు మట్టిని దొంగతనంగా తవ్వి దుంప తీశాను. "తినేదేనా?" అని డో మ్యా అడిగింది. "మా తాతల నాటి నుంచి తింటున్నాం, నాకు బాగా తెలుసు," అన్నాను. ఉప్పు చూసినప్పుడు నాలుక చివర చురుక్కుమంది. ఇంకాస్త చింతపండు పిండి వడ్డించేశాను. ఆ చురుకు సంగతి ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు, ఇక్కడే చెబుతున్నాను.

రెండో ముద్దకే పెద్దవాళ్ళు గొంతులు పట్టుకున్నారు. సూ పెదవులు వాచాయి, ఏడుపు సగంలో బొంగురుపోయింది. మంచాలు కూడా మడవకుండా పెదనాన్న బండిని మింగళాడోన్ వైపు పరుగెత్తించారు. దారిలో చిన్న ఆసుపత్రి దొరికింది. డాక్టరు పాప నోరు చూసి, ఏ దుంప తిన్నారో ఖచ్చితంగా తెలుసా అని అడిగాడు.

"తెలుసు. మా ఇంట్లో తినే కందే," అన్నాను.

"అయితే కాసేపట్లో తగ్గిపోతుంది, ఇంటికి తీసుకెళ్ళండి," అని డాక్టరు చీటీ రాయబోయాడు. పెదనాన్న నా పక్కన బల్ల మీద కూర్చుని ఉన్నారు. కోపం లేదు ఆ గొంతులో. పుస్తకంలో రాసుకునే ముందు ఎలా అడుగుతారో అలాగే అడిగారు.

"మంగా. తెలుసా, అనుకున్నావా?"

సూ నా వైపే చూస్తోంది. ఏడుపొచ్చేసింది. పరీక్ష తప్పిన రోజు కూడా నేను అంత ఏడవలేదు.

"తెలీదు పెదనాన్నా. అడివి దుంప. నాకేటీ తెలీదు."

డాక్టరు చీటీ పక్కన పెట్టి పాపను అక్కడే ఉంచుకున్నాడు. గంట తిరగక ముందే గొంతు లోపల కూడా వాచింది, ఊపిరి ఈలలా వినబడింది. వెంటనే సూది వేశారు. సాయంత్రానికి సూ ఐసు నీళ్ళు తాగి నా చేతిలో బిస్కెట్టు పొట్లం లాక్కుంది. ఆ పాప ఆ గంటలో ఇంటి దారిలో ఉండి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ ఊహించడానికి భయం.

ఆ తర్వాత బండి ఎక్కలేదు. పెదనాన్న ప్రతి శనివారం మెట్ల కింద హారన్ కొడుతుంటే తలుపు వేసుకుని కూర్చునేదాన్ని. డో మ్యా స్వయంగా వచ్చి 'యాబాదే' అంది, పర్వాలేదని. వీధి వాళ్ళకు మాత్రం అదే కబురు. మా అమ్మ వాళ్ళ నోళ్ళు మూయించింది. "కందకి లేని దురద కత్తిపీటకెందుకు? ఆ పిల్ల మామ్మే ఒగ్గీసింది, మద్దెన మీకేటి?" అంది. నాకు వీధి మాటలకన్నా ఇంకోటి కష్టంగా ఉండేది. పెదనాన్న పైకి వచ్చి ఒక్కసారి కూడా పిలవలేదు. నేను ఉన్నా లేకపోయినా ఒకటే కాబోలు అనుకున్నాను. నాలుగు వారాలయ్యాక ఒక శనివారం, ఎందుకో ఉండబట్టలేక నాలుగు నిమ్మకాయలు పట్టుకుని కిందికి దిగాను. చక్రాల కింద పెట్టాను. ఆయన అద్దంలోంచి చూసి, "ఎక్కు, ఆలీసెం అయిపోతంది," అన్నారు. అంతే. ఎందుకు రాలేదని అడగలేదు. సంతోషించినట్టూ కనబడలేదు. అది నా మనసులో ముల్లుగా ఉండిపోయింది.

ఇప్పుడు బండి నేనే నడుపుతాను. పాత పుస్తకాలు పదకొండు, సీటు కింద పెట్టెలో ఉన్నాయి. కొత్తది నా చేతిలో ఉంటుంది గనుక వాటి జోలికి పెద్దగా పోలేదు. పిల్లలు పిట్ట పేరు అడిగితే "తెలీదు, చూద్దాం పదండి," అంటాను. ఆ మాట అన్నప్పుడల్లా నాకు సిగ్గు బదులు ఆకలి లాంటిదేదో పుడుతుంది. అది ఆయన నేర్పిన ఆకలే.

ఈ ఉదయం దురద చేతులతోనే కిందికి దిగి, ఆ ఏటి పుస్తకం వెతికాను. ఆ దుంప ఏమిటో ఆయన చివరికి కనుక్కున్నారేమోనని. పేజీ దొరికింది. మధ్యలో ఎండిన ఆకు ముక్క అంటుకుని ఉంది. 'లోగా గట్టు మీది ఈ దుంప ఏ దుంప?' కింద రెండు గీతలు ఖాళీ. ఇంకా ఎవరికీ తెలీదన్నమాట. దాని కిందే, అదే రోజు, అదే సిరాతో ఇంకో ప్రశ్న ఉంది.

'మంగ మల్లీ వస్తాదా?'

దాని కింద నాలుగు వారాల తర్వాత, వేరే సిరాతో జవాబు ఉంది.

'వొచ్చింది. నిమ్మకాయలు తెచ్చింది.'

డ్రైవరు సీట్లో కూర్చుని చాలాసేపు ఏడ్చాను. ప్రతిదానికీ నవ్వుతూ తెలీదనే మనిషి, హారన్ కొట్టి, పైకి చూసి, ఖాళీగా వెళ్ళిపోయిన ఆ నాలుగు శనివారాలూ ఈ ఒక్కటి తెలియకుండా ఎలా ఉండగలిగారు? కొత్త పుస్తకం తీసి ఆ ప్రశ్నే రాశాను. కింద రెండు గీతలు వదిలాను.