తేలు పక్కన సిలువ

చదువులో నేను పొడిచిందేమీ లేదు. పొడిపించుకున్నది మాత్రం ఒకటుంది: కుడి ముంజేతి లోపలి వైపు, బొటనవేలంత సిలువ. ఇప్పుడు చర్మం ముడతలు పడి అది కాస్త వంకరపోయింది. నేనూ అంతే గనుక మా ఇద్దరికీ పేచీ లేదు.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. రాజధాని ఎక్కడుంటేనేం, మా కడప వైపు పల్లెలో సంగటి సంగటే. నాకు పదిహేడేళ్ళు. ఆ ఈస్టరు నాడు నన్ను బల్లకు చేర్చుకోవాలి. అంటే గుళ్ళో పెద్దవాళ్ళతో కలిసి మోకరించి ప్రభువు రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకొనే హక్కు ఇస్తారన్నమాట. అంతవరకు పిల్లలం వెనక చాప మీద కూర్చొని పెద్దల నోళ్ళు చూడడమే. మా జేజి, అంటే నాన్నను కన్నతల్లి, నేను తన పక్కన మోకరించే రోజు కోసం ఏళ్ళ తరబడి కాచుకొని ఉంది. నీలం అంచు తెల్లచీర తెప్పించి పెట్టెలో పెట్టింది. నేను రోజుకు రెండుసార్లు పెట్టె తెరిచి దాని వాసన చూసి మూసేదాన్ని.

ఈస్టరు ముందురోజు మా గుడి పాస్టరు అయ్యగారు పరీక్ష పెడతారు. జవాబులు చెప్పినవాళ్ళకే బల్ల. ఆ పరీక్షంటే నాకు భయం లేదు. ప్రశ్న పూర్తి కాకముందే చెయ్యెత్తే జబ్బు నాకు చిన్నప్పటినుంచీ ఉంది. ప్రశ్న ఏమిటో ఎత్తిన తర్వాత కనుక్కొనేదాన్ని.

ఆ యేడు ఈస్టరుకు ముందు వారమే శ్రీరామనవమి వచ్చింది. ఒంటిమిట్టలో తిరణాల. కొత్త చాట కావాలని జేజి బయల్దేరింది. క్రైస్తవులం రాములవారి తిరణాలకు పోవచ్చునా అని అడిగాను.

"సాట కొనేదానికి పోతాండాం మే, సామిని కొనేదానికి కాదు" అంది.

చాటల అంగడికి పోయే దారిలో, గాజులవాళ్ళ పక్కన, ఒకామె గొడుగు కింద కూర్చొని పచ్చబొట్లు పొడుస్తోంది. నా ఈడు పిల్లలు చేతులు చాపి వరసగా కూర్చున్నారు. ఏడుస్తున్నారో నవ్వుతున్నారో వాళ్ళకే తెలియదు. నా చెయ్యి చూసుకున్నాను. ఒక గీత కూడా లేదు, పలక కొని బడికి పోనట్టు. జేజి చేతి మీద మాత్రం తేలుంది. మా ఇల్లు ఇంకా మతంలో కలవకముందు, ఆమెకు ఎనిమిదేళ్ళప్పుడు పొడిపించారట.

జేజి నా చూపు కనిపెట్టింది. "సచ్చినాక నగలు కొడుకులు తీసుకుంటారు, కోకలు కోడండ్లు తీసుకుంటారు. మనెంబడి వచ్చేది పచ్చబొట్టొక్కటే" అంది. తర్వాత గొంతు తగ్గించి, "నాదేమో తేలాయె. పరలోకం వాకిట్లో దీన్ని చూసి ఏమంటారో ఏమో. నువ్వొక సిలువ ఏపించుకో మే. నీ పక్కన నిలబడితే నన్ను గూడా లోపలికి తోలేస్తారు" అంది.

ఇద్దరం ఒకేసారి ఎట్లా పోతామో నేను అడగలేదు. అప్పటికే కూర్చొని చెయ్యి చాపేశాను.

"సిలువా? అదెట్లుంటాది?" అంది పచ్చబొట్లామె. నేల మీద వేలితో గీసి చూపించాను. ఆమె పెదవి విరిచింది. "ఇంతేనా? నాలుగు దోవల కూడలి మాదిరి ఉండాది. శానా బోసిగుంటాది తల్లా. నాలుగు మూలలా సుక్కలు పెడతా."

"చుక్కలొద్దు."

"సుక్క ల్యాకుండా నేను యా బొమ్మా ఏసింది లేదే!" అని, వద్దు వద్దంటుండగానే ఒక చుక్క పొడిచేసింది. మిగతా మూడింటికి నా అరుపు అడ్డం పడింది. తర్వాత సూదుల కట్టను మళ్ళీ దీపం మసిలో, ఆకు పసరులో ముంచి అడిగింది: "బొమ్మ నీకు సరిగ్గా కనపడాల్నా, ఎదురోళ్ళకు కనపడాల్నా?"

నా చేతిని నాకంటే ఎక్కువసార్లు చూసుకొనేదెవరు? "నాకే" అన్నాను. నేను చాపిన చెయ్యి నేను చూసుకుంటే నిటారుగా ఉండేటట్టు, సిలువ తల వేళ్ళ వైపుకు పెట్టి పొడిచింది. విశ్వాసం కోసం హింసలు పడ్డవాళ్ళను తలుచుకుంటూ ఓర్చుకుందామనుకున్నాను. మూడో పోటుకే వాళ్ళందరూ నన్ను విడిచిపెట్టి పోయారు. నేను వేసిన కేకకు గాజులామె గాజులు జారవిడిచింది.

ఇంటికి పోతూ చెయ్యి కిందికి వేలాడేస్తే తెలిసింది అసలు సంగతి. సిలువ తలకిందులు! చెయ్యెత్తితే నిలబడుతుంది. దించితే శీర్షాసనం వేస్తుంది.

"ఏమైతాది? ఎప్పుడూ ఎత్తుకొనే ఉండు" అంది జేజి, చాట నెత్తిన పెట్టుకొని.

మర్నాటికి చెయ్యి వాచింది. జేజి పసుపూ ఆముదమూ పూసి గుడ్డ కట్టింది. ఆ సాయంత్రమే గుళ్ళో అయ్యగారి పాఠం. అయ్యగారు గుంటూరు వైపు మనిషి. మాట మెత్తన, గడ్డం నున్నన, పట్టు మాత్రం గట్టిది. "అమ్మాయ్, చేతికి ఏమైంది?" అన్నారు. నిజం చెబితే బల్ల పోతుందని పచ్చబొట్టు గురించి పచ్చి అబద్ధమే చెప్పాను. "సంగటి కుండ దించేటప్పుడు కాలిందయ్యగారూ."

ఆయన అక్కడికక్కడే కళ్ళు మూసుకొని నా గాయం మానాలని ప్రార్థన చేశారు. మరుసటి రోజూ చేశారు. ఆ మరుసటి రోజు అందరిచేతా చేయించారు. నేను ఆమెన్ అన్న ప్రతిసారీ గుడ్డ కింద సిలువ చురుక్కుమనేది. ప్రార్థన ఫలించింది కూడా. వాపు తీసి, పొక్కు రాలి, పచ్చటి సిలువ నిగనిగలాడుతూ తేలింది.

అందుకే గుడ్డ విప్పలేదు, అది జారుతుందేమోనని చెయ్యి ఎత్తలేదు. అయ్యగారు ఏమడిగినా చెయ్యి ఒళ్ళో పెట్టుకొని, తెలిసిన జవాబులు మింగుతూ కూర్చున్నాను. ఆయన నన్ను జాలిగా చూడడం మొదలుపెట్టారు. పరీక్ష నాడు కూడా సగం ప్రశ్నలు అయిపోయాయి. నా నోట ఒక్క మాట లేదు.

"అమ్మాయ్, నువ్వింకా సిద్ధపడినట్టు లేదు. వచ్చే ఏడు చూద్దాం. బాధపడకు" అన్నారు.

గుడి వాకిట్లో కూర్చొని వింటున్న జేజి "అయ్యో!" అంది. తెల్లచీర కళ్ళ ముందు మడత మీద మడత పడి మళ్ళీ పెట్టెలోకి పోయింది.

అయ్యగారు తర్వాతి ప్రశ్నకు పోయారు. "ప్రభువు చేతుల్లోని గాయాల గుర్తులు కళ్ళారా చూస్తేగానీ నమ్మనన్న శిష్యుడు ఎవరు?"

ఎవరికీ తెలియదు. ఒకరు ఒక పేరన్నారు, తప్పు. ఇంకొకరు ఇంకోటన్నారు, మరీ తప్పు. అంత సులువైన ప్రశ్నకు అన్ని తప్పులు నేను తట్టుకోలేను. నా ప్రమేయం లేకుండానే కుడిచెయ్యి గాలిలోకి లేచింది, నోరు పేరు చెప్పేసింది. పసుపుగుడ్డ జారి మోచేతి దగ్గరికి వచ్చి పడింది. అందరి ఎదుటా సిలువ నిటారుగా నిలబడింది.

అయ్యగారు కళ్ళజోడు సర్దుకున్నారు.

"చెయ్యి దించు" అన్నారు. దించాను. ఆయన తల పక్కకు వంచారు. "ఎత్తు" అన్నారు. ఎత్తాను. ఆయన తల నిలబెట్టారు. "ఆ చుక్కేమిటి?"

"మేకు అయ్యగారూ" అన్నాను. నోటికొచ్చింది అదే.

"ఒంటి మీద పచ్చబొట్లు పొడుచుకోవద్దని వాక్యంలో ఉంది. తెలుసా?"

తెలుసు. తెలిసినదంతా చెప్పకుండా ఉండలేకపోవడమే నా ఖర్మ. "తెలుసండీ. గడ్డం అంచులు గొరిగించుకోవద్దని కూడా ఆ పక్కనే ఉందండీ."

అయ్యగారి చెయ్యి నున్నటి గడ్డం మీదికి పోయి ఆగిపోయింది. ఈ యేడే కాదు, వచ్చే యేడు బల్ల కూడా పోయిందనుకున్నాను. అంతలో జేజి చెప్పులు వాకిట్లో విడిచి విసవిసా లోపలికి వచ్చింది. చెయ్యి చాపి ఆయన ముక్కు కింద పెట్టింది.

"అయ్యగోరూ, ఇదేంది?"

"తేలు, అవ్వగారూ."

"నా తేలును ముప్ఫై ఏండ్లుగా బల్లకాడికి రానిస్తాండారు గదా. దీని సిలువను రానియ్యరా? ఏపించుకోమని సెప్పింది గూడా నేనే. తప్పయితే నన్ను ఎల్లగొట్టండి."

అయ్యగారి పెదాలు కదిలాయి. నవ్వును దగ్గులోకి మార్చుకోవడానికి ఆయన పడ్డ పాట్లు ఇంకా నా కళ్ళకు కట్టినట్టే ఉన్నాయి. తర్వాత మాత్రం గొంతు నిజంగానే గంభీరమైంది.

"దేవుడు మనల్ని చర్మం మీద గుర్తు చూసి ఆనవాలు పట్టడు, అవ్వగారూ. పొడిపించుకోవడం తెలివితక్కువ పని. దాన్ని నేను మన్నిస్తాను." నా వైపు తిరిగారు. "కానీ కాలిందన్నావు. ఐదు రోజులు నీ సంగటి కుండ కోసం దేవుణ్ణి విసిగించాను. రేపు పొద్దున సంఘం ముందు నిలబడి నిజం చెప్పు. చెబితే బల్ల."

ఈస్టరు పొద్దున తెల్లచీర కట్టుకొని నిలబడ్డాను. "నా చెయ్యి కాలలేదు. తిరణాలలో పొడిపించుకున్నాను" అన్నాను. వెనక వరుసల్లోంచి "యాడ? సూపీ!" అన్నారు. ఎత్తి చూపించాను. గుడి గుడంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఒకరిద్దరు పెద్దలు నవ్వలేదు గానీ, వాళ్ళు క్రిస్మసుకు కూడా నవ్వేవాళ్ళు కాదు.

జేజి పక్కన మోకరించాను. దోసిళ్ళు చాపాం, తేలు పక్కన సిలువ. అయ్యగారు రొట్టెముక్క నా దోసిట్లో పెడుతూ ఒక్క క్షణం ఆగి, నాకొక్కదానికే వినపడేటట్టు, "నాకు తలకిందులుగా కనపడుతోందమ్మాయ్" అన్నారు.

"నాకు సరిగ్గానే ఉందయ్యగారూ."

జేజి మోచేత్తో డొక్కలో పొడిచింది. "నోరు మూసుకోని రొట్టె తిను మే!"

నోరు మూసుకొని తినడం ఎట్లాగో నాకు అప్పటిదాకా తెలియదు. ఆ పూట మాత్రం తిన్నాను.