అమావాస్య పూట చోరనూరులో ఎర్ర దుమ్ము పళ్ళెం

మా అభ్యుదయ మిత్రులకు ఒక జబ్బుంది. తమకు రుచించని భయాన్నంతా పలాయనవాదం అంటారు. ఆమధ్య ఒక సభలో నేను విశ్వభయ కథలను, అంటే ఇంగ్లీషులో కాస్మిక్ హారర్ అనేవాటిని, వెనకేసుకొచ్చినందుకు, "నువ్వు కూడా చుక్కల వెనక దయ్యాలను వెతుకుతున్నావా?" అని ఒక పెద్దమనిషి నవ్వాడు. దయ్యాలు కాదు మహాశయా! దయ్యానికి మనతో పని ఉంటుంది. పగో, ఆకలో, తీరని కోరికో. ఈ కథల్లో ఎదురయ్యే దానికి మనం ఉన్నామన్న సంగతే తెలియదు. ఈ తేడా పట్టని వాళ్ళతో గొంతు చించుకోవడం కంటే, ఆ కథల్నీ, వాటికి తోడుగా మోగే సంగీతాన్నీ ప్రేమించే మనుషుల మధ్య ఒక పగలు గడపడం మేలనిపించింది. అందుకే తెల్లవారుతూనే అనంతపురంలో బళ్ళారి బస్సెక్కాను.

మా గుంపు ఫోన్‌లో పుట్టింది. పదిమందికి మించి లేము, ఒకరి ముఖం ఒకరం చూసుకున్నదీ లేదు. అందులో శైలజది బళ్ళారి బజారులో తరాలుగా బట్టల వ్యాపారం చేస్తున్న తెలుగు కుటుంబం. ఏళ్ళ తరబడి మారుపేరుతో కథలు రాస్తోంది. ఒక్కటి కూడా మనుషుల ముందు చదవలేదు. "ఈసారి చదువుతాను. ఇది కూడా తప్పిపోతే ఇంక రాయను, నాకే విసుగొచ్చింది" అని గుంపులో పెట్టింది. ఆ మాటతో అందరం కదిలాం. వాళ్ళ అంగడికి సెలవు అమావాస్య రోజే కాబట్టి ఆ రోజే ఖాయం చేశాం. హేతువాదిగా నాకు అది మరీ నచ్చింది.

బళ్ళారి బస్టాండు బయట ఉగ్గాని, మిరపకాయ బజ్జి తిన్నాను. యాభై రూపాయల్లో మధ్యాహ్నం దాకా ఆకలి ఉండదు. అక్కడే శైలజ, ఖాజా కలిశారు. ఖాజా కూడా మా గుంపువాడే, పెళ్ళిళ్ళకు సౌండు బాక్సులు అద్దెకిస్తాడు. ఖాళీ ఉన్నప్పుడు అవే బాక్సులతో, రాగం లేని తాళం లేని, కడుపులో మోగే సంగీతం చేస్తాడు. అతని ట్రాలీ ఆటోలోనే, ఇనుప గనులున్న సండూరు కొండల్లోని చోరనూరుకు బయల్దేరాం. మీరు బస్సులో వెళ్ళేట్టయితే తోరణగల్లు మీదుగా సండూరుకు గంటన్నర, రెండు గంటలు పట్టొచ్చు. అక్కడ చోరనూరు బస్సు మారాలి. కుడతిని దగ్గర కరెంటు కేంద్రం పొగగొట్టాలు దాటుతుంటే శైలజ కాగితాలు తీసి పెదవులు కదుపుతూ చదువుకుంది. సండూరు దాటాక ఆ కాగితాలు సంచిలో దాచేసి, "ఇంకోసారి చూస్తే చింపేస్తా సార్" అంది.

చోరనూరులో మేము మాట్లాడుకున్నది ఓబులప్ప అనే రైతు గోదాము. నిశ్శబ్దంగా ఉంటుందనీ, అద్దె తక్కువనీ ఖాజా కుదిర్చాడు. పదకొండు గంటలకల్లా మిగతావాళ్ళు వచ్చారు. కథకు మసక వెలుగు కావాలని కిటికీలకు నల్ల గుడ్డలు కట్టాం. ఖాజా పెద్ద బాక్సును వెల్లకిలా పడుకోబెట్టి, దాని మీద ఇనుప పళ్ళెం బిగించి, దారిలో ఎత్తుకొచ్చిన ఎర్ర దుమ్ము చల్లాడు. మోత మొదలైతే పళ్ళెం అదిరి దుమ్ము తనంతట తాను చక్రాలుగా, గళ్ళుగా సర్దుకుంటుంది. సంగీతం కంటికి కనబడుతుంది. మేమంతా చుట్టూ కూర్చుని నోళ్ళు తెరుచుకుని చూస్తున్నాం.

తలుపు భళ్ళున తెరుచుకుంది. ఓబులప్ప. వెనక ఊరి మగవాళ్ళు అయిదారుగురు.

"ఏందప్పా ఇది? అమావాస్య పూట, కుంకం పళ్ళెం, నల్లగుడ్డలు! యాడ తవ్వుతాండారు నిధి?"

ఆయన కోపం ఉత్తది కాదు. ఆ కొండల్లో నిధుల పేరుతో రాత్రిళ్ళు పూజలు చేసి గుళ్ళు పెళ్ళగించే ముఠాల భయం ఊరూరా ఉంది. పట్టుబడితే చోటిచ్చినవాణ్ణే ముందు అడుగుతారు. ఇదంతా ఇప్పుడు చెబుతున్నాను. అప్పుడు నేను చేసింది లేచి నిలబడి ఉపన్యాసం ఇవ్వడం. క్షుద్రపూజలన్నవి బూటకమన్నాను. నిధులూ లేవు, దయ్యాలూ లేవు, ఆ మాటకొస్తే దేవుడే లేడన్నాను.

ఓబులప్ప వెనక్కి తిరిగి మనుషులతో అన్నాడు: "ఇన్నారా? దేవుడే లేడంటాండాడు. మరి ఈ కుంకం ఎవురికంట?"

"అరే సాబ్, నువ్వు జరా చుప్ ఉండు" అని ఖాజా నా చొక్కా పట్టి కూర్చోబెట్టాడు.

"సుమ్నే, నోరెత్తకుండా సామాను సర్దుకోండప్పా. పోలీసోళ్ళకు చెప్పకముందే" అన్నాడు ఓబులప్ప. శైలజ సంచి భుజానికి తగిలించుకుంది. ఆమె ముఖంలో ఏడుపు కూడా లేదు. ఇలాగే అవుతుందని తెలిసినట్టుంది. నాకు ఒళ్ళు మండింది, లేవబోతే ఖాజా చొక్కా వదల్లేదు.

అప్పుడు గుంపును తోసుకుంటూ ఓబులప్ప తల్లి వచ్చింది. పళ్ళెం మీదకు వంగి చిటికెడు తీసి వేళ్ళ మధ్య నలిపింది.

"ఓరి నీ తెలివి తెల్లారా! కుంకం యాడిదిరా? ఇది మన వాకిట్లో దుమ్ము. గని లారీలు పోసిపోయేది. దీనికి ఎవురన్నా పూజ చేస్తారా? చిమ్మి చిమ్మి నా నడుం పడిపోయుండాది!"

ముందు నవ్వింది ఖాజా. తర్వాత వాకిట్లో మగవాళ్ళు. ఓబులప్ప నవ్వలేదు. "అయితే ఏం చేస్తాండారో తలుపులు తెరిసి చేయండి. మేమూ కూర్సుంటాం" అన్నాడు.

నల్ల గుడ్డలు విప్పేశాం. పట్టపగటి వెలుగులో, మా గుంపు కంటే ఎక్కువగా ఊరివాళ్ళు కూర్చున్న గోదాములో శైలజ చదివింది. ఖాజా సన్నగా మోత పెట్టాడు. కథ ఇదీ: ఒక కొండను తవ్వుతూ పోతే అడుగున మట్టి అయిపోయి మరో ఆకాశం కనబడుతుంది. అక్కడి చుక్కలు మన చుక్కలు కావు. వాటి మధ్య నుంచి ఏదో మన వైపుకు తవ్వుకుంటూ వస్తుంటుంది. మనం అడ్డంగా ఉన్నామని దానికి తెలియదు, తెలిసినా ఆగదు. మొదటి పేజీలో రెండుసార్లు వరస తప్పి మళ్ళీ మొదలుపెట్టింది. తర్వాత తప్పలేదు. ఆఖరి కాగితం మడిచి సంచిలో పెట్టింది.

"అమ్మయ్యా," అంది ముసలమ్మ, "అది వచ్చేటప్పుడు ఆ మన్నంతా యాడ పోస్తాదమ్మా? మళ్ళా మా వాకిట్లోనేనా?"

గోదాము గొల్లుమంది. శైలజ కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. ఓబులప్ప టీ తెప్పించాడు. నా గ్లాసు నాకిస్తూ, "నువ్వు మాత్రం ఇంక మాట్లాడొద్దప్పా" అన్నాడు. టీ తాగాను.

తిరుగు దారిలో బళ్ళారి దీపాలు కనబడుతుండగా నా మనసు తేలికైంది. దానికి కారణం శైలజ ఒక్కతే కాదు. మన జనానికి నేర్పిన భయాలన్నిటికీ ఒక పూజారి ఉంటాడు, ఒక మొక్కు ఉంటుంది, బలి ఇవ్వాల్సిన ప్రాణం ఒకటుంటుంది. ఈ కథల భయానికి అవేవీ లేవు. విశ్వానికి మన ఊసే పట్టదంటే, మన మీద దానికి పగ కూడా లేదన్నమాటే కదా! నా మిత్రులు దీన్ని పలాయనవాదం అంటే అననీ. ఆ కథ విన్న వెంటనే ముసలమ్మ అడిగింది తన వాకిట్లో పడే గని మట్టి గురించే, అందులో పారిపోవడమెక్కడిది? దిగేముందు శైలజ, "సార్, చదువుతాండంగా ఒక్కరూ దగ్గలేదు, గమనించారా?" అంది. గమనించానన్నాను. "ఇంకోటి సగం రాసుండాను" అంది.

మీలో ఎవరైనా ఇలాంటి కూడిక పెట్టుకునేట్టయితే ఒక్క సలహా. చోటు ఇచ్చినవాళ్ళ ఇంటికి ముందురోజే వెళ్ళండి, పళ్ళెమూ బాక్సులూ వాళ్ళ ముందే మోగించి చూపించండి, తర్వాత మొదటి వరసలో కూర్చోమని ఆ ఇంటి పెద్దామెను పిలవండి.