రాని లెక్క, లేని చావు

మా చెల్లెలి మనవరాలు కడపలో ఆరోగ్యశాఖ ఆఫీసులో పని చేస్తుంది. మొన్న పొద్దున ఫోన్ చేసి, "తాతా, అసెంబ్లీ ప్రశ్న వచ్చిండాది. రాజంపేట దిక్కు ఏదో ఊర్లో జ్వరాలంట. సాయంత్రానికల్లా జవాబు పోవాల. పోయినేడు రాసిందే తేదీ మార్చి పంపిస్తాండాం" అని నవ్వుతూ చెప్పింది. నేనెంత గట్టిగా అరిచానంటే, వంటింట్లోంచి మా కోడలు అట్లకాడతో సహా పరిగెత్తుకొచ్చింది. తొంభై దాటిన ముసలాడికి అంత గొంతు ఎక్కడిదనుకుందో ఏమో. ఆ గొంతు నాకు ఇరవై రెండేళ్ళప్పుడు రావాల్సింది.

అప్పుడు కర్నూలే రాజధాని. సగం సర్కారు డేరాల్లో ఉండేది, గాలి లేస్తే మంత్రుల కాగితాలు కూడా వీధిన పడేవి. మా జిల్లా ఆరోగ్యాఫీసుకు మాత్రం పెంకుల కప్పు ఉందని మాకు కాస్త మిడిసిపాటు. నేను కొత్త గుమాస్తాను. అసెంబ్లీ ప్రశ్న మూడు ముక్కలుగా వచ్చేది: ఫలానా ఊళ్ళో కలరా ఉన్న మాట నిజమా, ఎందరు పోయారు, ఏం చేశారు. మొదటిదానికి "లేదు" అని రాస్తే మిగతా రెండింటికీ "ఉత్పన్నం కాదు" అని రాసి చేతులు దులుపుకోవచ్చు. మా హెడ్ గుమాస్తాకు ఆ మాటలంటే ప్రాణం. ఆ ఎండాకాలం, డోన్ అవతల ఒక ఊరి గురించి అక్కడి ఎమ్మెల్యే అడిగాడు. ఊరి మునసబు పంపాల్సిన చావుల లెక్క ఇంకా మాకు చేరలేదు. రాని లెక్కను లేని చావుల కింద జమకట్టడం మా ఆఫీసు ఆచారం. ఆ తాలూకా శానిటరీ ఇన్‌స్పెక్టరు సోమవారం వస్తాడు, ఆయన్ని అడిగి రాద్దామా అని నసిగాను. "నీకు ఉద్యోగం చేయాలని ఉండాదా లేదా?" అన్నాడు హెడ్ గుమాస్తా. ఆ శుక్రవారమే లేదు అని రాశాను. నా దస్తూరి బాగుంటుందని పేరు, ఆ పూట మరీ ముద్దుగా కుదిరింది.

ఇన్‌స్పెక్టరును నేను మామా అనేవాణ్ణి. సాయిబుల మనిషి, మా వీధే. రంజానుకు వాళ్ళింట్లో సేమ్యా తినకపోతే అత్త నాతో మాట్లాడేది కాదు. సోమవారం ఆయన సైకిలు దిగుతూనే, "ఆ ఊర్లో కలరానే. శానా మంది పోతాండారు" అన్నాడు. నేను రాసింది చెప్పాను. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. "మూడు దినాలు ఆగలేకపోయినావా నాయనా" అన్నాడు. అంతే, ఒక్క తిట్టు లేదు. తిట్టినా బాగుండేది. మా జిల్లా ఆఫీసరు దొర భయపడి, మర్నాడే మామను బావుల్లో మందు వేయమనీ, నన్ను చావుల లెక్క తెమ్మనీ ఇద్దర్నీ కలిపి పంపాడు.

మాకు తెలియనిది ఒకటుంది. మా జవాబును ఎమ్మెల్యే ఆదివారం ఆ ఊళ్ళో చదివి వినిపించాడు. సర్కారును ఎగతాళి చేద్దామని ఆయన ఉద్దేశం. కానీ ఆ ఊరు రెండు పార్టీలు, ఎప్పుడు చూసినా కత్తులు నూరుకుంటూనే ఉంటారు. చావులు ఎక్కువైన పార్టీవాళ్ళు అందుకున్నారు: రోగమే లేదని సర్కారు రాసిచ్చింది కదా, అయితే మనోళ్ళు దేనితో చచ్చారు? అవతలివాళ్ళు బావిలో విషం కలిపారు! ఇంకేముంది, ఆ సాయంత్రమే అవతలివాళ్ళ గడ్డివాములు తగలబెట్టారు, ఒకడి తల పగలగొట్టారు. మంగళవారం మేం వెళ్ళేసరికి ఊరు ఇంకా పొగ వాసన కొడుతూ ఉంది. మామ అలవాటు కొద్దీ ఎప్పటిలాగే బావిలో మందు వేశాడు. ఆ మందుకు నీళ్ళు ఎర్రబడతాయి.

"రోగం లేదని సర్కారే చెప్పిండాది గదప్పా, మల్ల బాయిలో ఏం కలుపుతాండావు?" అని ఒకడు అడిగాడు. మామ నోరు తెరిచేలోగా వాడు గొడ్డలి కామతో ఆయన కుడి మోచేతి మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నేను విన్నాను. ఇద్దరు కాళ్ళు పట్టి ఈడ్చారు. ఒకడు బొక్కెనెడు ఎర్రనీళ్ళు తోడి "తాగరా, నువ్వే తాగు!" అని ఆయన నోట్లో కుమ్మరించాడు. బొక్కెన అంచు తగిలి పళ్ళు రెండు నేల మీద పడ్డాయి. రాళ్ళు కూడా వేశారు. నేను పక్కనే గోడకు అతుక్కుపోయి నిలబడ్డాను, కాగితాల సంచి గుండెలకు హత్తుకుని. సిగ్గులేని వెధవని.

అప్పుడు ఒకామె గుంపును తోసుకుంటూ వచ్చి మామ మీద అడ్డం పడింది. ఆ వారంలోనే ఇద్దరు బిడ్డల్ని పూడ్చిన మనిషి. "సంపండి! నన్ను గూడా సంపండి! ఇసం గాదురా, రోగమే. బిడ్డల వాంతులూ బేదులూ నా సేతుల్తో ఎత్తిపోసినా నేను, నాకు తెలీదా?" అని కేకలు పెట్టి, బొక్కెనలో మిగిలిన ఎర్రనీళ్ళు గటగటా తాగేసింది. గుంపు చల్లబడింది. ఆమె మామను అడిగింది, "లేదని రాసినోడెవడప్పా?" మామ ఒక్కసారి నా వైపు చూశాడు. రక్తం ఉమ్మి, "ఆఫీసు రాసింది తల్లీ" అన్నాడు.

ఎద్దులబండి మీద డోనుకు, అక్కణ్ణుంచి రైల్లో కర్నూలుకు తెచ్చాం. మామ బతికాడు. ఆ చెయ్యి మాత్రం మళ్ళీ మడత పడలేదు. సంతకం చేసే మనిషి, జీతం రోజున ఎడమ బొటనవేలు ముద్ర వేసేవాడు. నేను వారానికి పోలీసులతో మళ్ళీ ఆ ఊరికి పోయాను. మామకు అడ్డం పడిన ఆమే నన్ను ఇల్లిల్లూ తిప్పింది. మొదట తన బిడ్డల పేర్లే చెప్పింది. చెంబు చేతికిచ్చి, "కాచిన నీళ్ళేలే, తాగు నాయనా. నువ్వన్నా వచ్చి రాసుకుంటాండావు" అంది. లేదని రాసింది నేనేనని అప్పుడూ చెప్పకుండా ఆ నీళ్ళు తాగేశాను. కొత్త జవాబులో "ఉన్నది" అని రాసి, కింద పేర్లన్నీ జతచేశాను. "పేర్లు అడగలేదు గదా?" అన్నాడు హెడ్ గుమాస్తా. "కొట్టెయ్యండి చూస్తాను" అన్నాను. ఆయన కొట్టెయ్యలేదు. నేనున్నన్నాళ్ళూ మా ఆఫీసు నుంచి ఊరికి పోయొచ్చినవాడి సంతకం లేకుండా ఏ జవాబూ కదల్లేదు.

ఇదంతా ఫోన్లోనే చెప్పాను. మర్నాడు పిల్లే ఫోన్ చేసింది, రాజంపేట దిక్కు ఆ జ్వరాల ఊరి నుంచి. గడువు దాటినందుకు పైవాళ్ళ దగ్గర తిట్లు తినిందంట. తిననీ. మామ పోయి ముప్ఫై ఏళ్ళు, ఆ బిడ్డల తల్లి ఎప్పుడు పోయిందో కూడా నాకు తెలియదు. లేదని రాసినోడెవడని ఆమె అడిగి డెబ్బై ఏళ్ళవుతోంది, జవాబు ఇంకా నా దగ్గరే ఉండాది.