పెద్దమ్మ అన్న మాట

మా తార్నాక గల్లీలోకి కుక్కల కేంద్రం రాకుండా అడ్డుపడింది ఏమిటో తెలుసా? కుక్కలంటే ప్రాణం పెట్టే మా పక్కింటి పెద్దమ్మ నోటి మాట.

పొద్దున యూనివర్సిటీలో నడకకు వెళ్ళినప్పుడల్లా ఒక కుక్కల డాక్టరమ్మ కనిపించేది. రోడ్డు పక్కనే కూర్చుని, దెబ్బలు తగిలిన కుక్కలకు కట్లు కట్టేది. మా గల్లీలో ఖాళీగా ఉన్న ఇల్లు కిరాయికి తీసుకుని, ఊళ్ళకు వెళ్ళేవాళ్ళ కుక్కలను చూసుకుంటూ, ఆ ఆదాయంతో ఈ దిక్కులేనివాటికి వైద్యం చేయాలని ఆమె ఆశ. ఆ ఇంటికి గోడ ఆనుకుని ఉన్నది పెద్దమ్మ ఇల్లు. ఆమెకూ ఒక ముసలి కుక్క ఉంది. డాక్టరమ్మను 'బిడ్డా' అని తప్ప పిలిచేది కాదు.

అనుమతి ఇచ్చేముందు ఇరుగుపొరుగును అడగడానికి మున్సిపల్ ఆఫీసరు వచ్చాడు. మా వరండాలో కూర్చోబెట్టాం. మొరుగుడని ఒకరు, వాసనని ఒకరు సణిగారు. రోజంతా హారన్లు మోగే గల్లీలో కుక్కల మొరుగుడే ఎక్కువైపోయింది వీళ్ళకు! ఇంతలో చాయ్ వచ్చింది. పెద్దమ్మ చెయ్యి అడ్డం పెట్టి "ఉండనియ్యి" అంది. కప్పు వెనక్కి పోయింది. వెంటనే ఆఫీసరు ఆమె వైపు తిరిగి, గోడ పక్కనే కుక్కల కేంద్రమంటే మీరేమంటారని అడిగాడు.

"ఉండనియ్యి సారూ" అంది పెద్దమ్మ.

పాపం, ఉంటే ఉండనీ అని ఆమె ఉద్దేశం. మాకందరికీ అలాగే అర్థమైంది. నేనైతే సంబరపడి ఆఫీసరుకు ఇంకో చాయ్ పోశాను. ఆయన చెవిలో మాత్రం చాయ్ వద్దన్న మాటే ఉండిపోయింది. గోడ పక్కవాళ్ళు వద్దన్నారని రాసుకుని పోయాడు.

గోడ పక్కవాళ్ళు వద్దన్నారు కాబట్టి అనుమతి లేదని డాక్టరమ్మకు కాగితం వచ్చింది. అది తెలిశాక ఆఫీసుకు వెళ్ళి మొత్తుకున్నాను. మళ్ళీ మొదటి నుంచి దరఖాస్తు పెట్టుకోమన్నారు. ఇంటి ఓనరు అంతదాకా ఆగుతాడా? లేడీస్ హాస్టలుకు ఇచ్చేశాడు. డాక్టరమ్మ క్యాంపస్‌కు రావడమే మానేసింది.

ఒకరోజు పెద్దమ్మ గేటు దగ్గర నన్ను ఆపింది. ఇల్లు చూసుకోమని ఓనరు ముందే ఇచ్చిన తాళం తిరిగి ఇచ్చిపోవడానికి వచ్చిన డాక్టరమ్మ తనను చూసి మొఖం తిప్పుకుందట. ఎందుకని అడిగింది. జరిగింది చెప్పక తప్పలేదు.

"నేను వద్దంటనా? ఆ బిడ్డ కాడికి నన్ను తీస్కపో, నేనే చెప్త" అంటూ చెప్పులు తొడుక్కుంది.

ఎక్కడికని తీసుకుపోను? డాక్టరమ్మ ఎక్కడుంటోందో మాలో ఎవరికీ తెలియదు.