అన్నిటికంటే పొట్టి పురికొస

మొఘల్‌పురాలో మా గల్లీకి చెప్పుకోదగ్గ గొప్పలేం లేవు. ఉన్నదల్లా కళావతి టీచర్ కొసరు అడిగే తీరు. కిలో టమాటలు తూచాక పైన ఒక టమాట, చింతపండు కట్టాక ఒక రెబ్బ, అల్లం కొన్నాక ఒక కొమ్ము. తూకం అయిపోయాకే ఆమె అసలు పని మొదలయ్యేది. మందుల షాపులో కూడా వదల్లేదని కిరాణా రవీందర్ చెబుతాడు. జ్వరం గోలీల పట్టీ కొని, "పైన ఒకటి ఎయ్యి" అన్నదట. అబద్ధమే అయ్యుంటుంది. కానీ ఇంతవరకూ ఎవరూ కాదనలేదు.

ఆమె గల్లీ చివరి సర్కారు బడిలో చిన్నపిల్లలకు చెబుతుంది. నేనూ ఆమె దగ్గర చదివినవాణ్నే. తర్వాత డిగ్రీ మధ్యలో మానేశాను, అందులో ఆమె తప్పేమీ లేదు. పుస్తకంలోని బొమ్మల మీద ఆమెకు నమ్మకం ఉండదు. "కాయిదం మీది బిందెల నీళ్లు పోస్తె కాయిదమే నానుతది" అంటూ ఇంటి నుంచి నిజం బిందెనే మోసుకొస్తుంది.

ఈ ఏడాదీ అంతే. చెంబులో ఎన్ని గ్లాసుల నీళ్లు పడతాయో చూడమన్న రోజు బడి వరండా చెరువైంది. నందు అనే పిల్లవాడు మధ్యలో దాహమేసి ఒక గ్లాసు తాగేశాడు. లెక్క తప్పిందని ఆమె అరిస్తే, కడుపు తట్టి చూపించి, "గా గిలాస ఈడున్నది టీచర్, కలుపుకోండ్రి" అన్నాడు. కలుపుకుంది. బరువు పాఠానికి పెద్ద సంచెడు మరమరాలు, పిడికెడు బెల్లం ముద్ద తెచ్చి, ఏది బరువని అడిగింది. సంచి పెద్దది కాబట్టి సంచే అన్నారు పిల్లలు. చేతుల్లో పెట్టుకుని తేల్చుకోమన్నది. బెల్లమే బరువని తేలింది. తేలిన మరుక్షణం బెల్లమూ లేదు, మరమరాలూ సగం లేవు. మిగిలిన సగం ఆమె బీరువాలో పెట్టి తాళం వేసుకుంది.

ఇక పొడవు పాఠం. లొల్లి ఇక్కడే మొదలైంది.

బడి మెట్ల పక్కన బుచ్చమ్మ పూల గంప పెట్టుకుంటుంది. గల్లీలో జడలకైనా, దేవుడి పటాలకైనా, దర్గాకు పట్టుకెళ్లడానికైనా అందరికీ ఆమె పూలే. కొలత కూడా ఆమె చెయ్యే. మోచేతి దగ్గర మొదలుపెట్టి పిడికిలి దాకా ఒక మూర. వేళ్ల కొస దాకా కొలవాలి కదా అని ఎవరైనా అంటే, "వేళ్లు సాపితె పూలు నీ మొగడు పట్టుకుంటడా?" అని అడుగుతుంది. మూర అయ్యాక కాస్త కొసరు వదిలి, అక్కడ దారం పళ్లతో కొరుకుతుంది.

కళావతి టీచర్ ఉపాయం ఏమిటంటే, ముందు ఒకే చెయ్యి కొలిచిన మూరలన్నీ సమానంగా ఉంటాయని చూపించాలి. తర్వాత పిల్లల చేతులతో కొలిపించి, మూర మనిషికో తీరని చూపించాలి. అప్పుడు మీటరు బద్ద బయటికి తీయాలి. అందుకని పిల్లలకు పురికొస ఉండ ఒకటి ఇచ్చి సాయంత్రం గంప దగ్గర నిలబెట్టింది. ఎవరు మూర పూలు కొన్నా, ఆ పూలంత పురికొస కత్తిరించి, కొన్నవాళ్ల పేరు చీటీ మీద రాసి కట్టాలి. తన పూలకు సరిపడా పురికొస తానే కత్తిరించుకుంది.

పొద్దున అన్నిటినీ గోడకు వరసగా వేలాడదీశారు. పైన అన్నీ సమానమే. కింద మాత్రం గుర్రం నమిలిన గడ్డిలా ఉంది.

"ఏందిరా ఇది? కొలుసుకరమ్మంటె కొరుక్కొచ్చిండ్రా?" అన్నది టీచర్.

సాయిప్రియ గోడ దగ్గరికి పోయి చూసి వచ్చింది. "టీచర్, అందరివి పెద్దగనే ఉన్నయ్. మీదొక్కటే బుడ్డగున్నది."

"నాది కరెక్టు. మీరు పూలను గుంజి కొలిచిండ్రు."

"మల్లెపూలు గుంజితె రాలుతయ్ టీచర్" అన్నాడు నందు. "మీరే తప్పు కొలిచిండ్రేమో. మల్ల రాయుండ్రి."

ఆ మాట ఆమె పిల్లలతో రోజూ అనేదే. తిరిగి తన మీదికే వచ్చేసరికి ఆ సాయంత్రం తానే గంప పక్కన కాపలా నిలబడింది. ఎదుటి అరుగు మీద నేనున్నాను. నాకు వేరే పనేం లేదు.

ముందుగా షారోన్ వచ్చింది. ఆసుపత్రిలో నర్సు, డ్యూటీ దిగి వస్తూ రోజూ మూర కొంటుంది, నోరు తెరవదు. బుచ్చమ్మ మూర కొలిచి, ఇంకా జానెడు వదిలి దారం కొరికింది. తర్వాత బ్యాంకులో పనిచేసే కమలకుమారి వచ్చింది. "సరిగ్గా కొలువమ్మా, రోజూ చూస్తున్నాను నీ వేషాలు" అన్నది. ఆమెకు బెత్తెడు దక్కింది. ఆ తర్వాత మన టీచర్ తన మూర తీసుకుని, అలవాటుగా, "పైన ఎయ్యవే" అన్నది. బుచ్చమ్మ ఒక్క మొగ్గ వదిలి దారం కొరికింది.

టీచర్‌కు పాఠం అప్పుడు అర్థమైంది.

"బుచ్చమ్మా, ఇదేం కొలతే? షారోన్‌కు జానెడు, నాకు మొగ్గనా?"

"ఆమె అడగలే. అందుకే ఇచ్చిన."

"నేను దినాం అడుగుత గద!"

"అడిగినోళ్లకు అడిగిన కాడికే టీచరమ్మా. అడగనోళ్లకు నా మనసున్న కాడికి." అంటూనే బుచ్చమ్మ బడి కిటికీలోంచి లోపలి గోడను చూసింది. ఆమెకు చదువు రాదు గానీ చీటీలు ఎందుకో తెలుసు. "గా పురికొసలు ఎందుకు ఏలాడదీసిండ్రు?"

"శనివారం గల్లీవాళ్లందరిని పిలిచిండ్రు పిల్లలు. ఏం నేర్సుకున్నరో చూపిస్తరు."

బుచ్చమ్మ చేతిలో పూలు అలాగే ఆగిపోయాయి. "పేర్లతోటా? నా గంప లేసినట్టే ఇగ."

ఉత్తి భయం కాదు అది. కమలకుమారి అంతకుముందు పాలవాడి కొలత డబ్బాకు అడుగున సొట్ట ఉందని కనిపెట్టింది. ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. వారం తిరగకముందే అతను ఈ గల్లీ మానేసి బార్కస్ దిక్కు పోయాడు. తనకు బెత్తెడనీ పక్కింటికి జానెడనీ తెలిస్తే బుచ్చమ్మను వదులుతుందా?

"మీ బడికి బెంచీలు రాకముందుకెల్లి గీ మెట్ల మీద కూసున్న. ఈ వయసుల ఏ గల్లీ పట్టాలె?" అన్నది బుచ్చమ్మ. టీచర్ పూలు సంచిలో వేసుకుని వెనక్కి తిరిగింది. మొగ్గ కోసం మళ్లీ అడగనూ లేదు. అలా ఆమె వెళ్లిపోవడం నేనెప్పుడూ చూడలేదు.

మర్నాడు క్లాసులో పేరు చీటీలు పీకేద్దామన్నది. పిల్లలు ఒప్పుకోలేదు. కొలిచి దాచేవాడు దొంగ అని మొదటిరోజు చెప్పింది తనే మరి. స్వీటీ అనే పిల్ల ఏడుపే మొదలుపెట్టింది. రాత్రంతా కూర్చుని ఆ చీటీలకు రంగులు వేసింది తనేనట.

"దాస్తలేం తల్లీ" అన్నది టీచర్. "కొలత అందరికి చూపిస్తం. పేరు తీసి సెంటీమీటర్లు రాస్తం. మనం కొలిచింది పూలను, మనుషులను కాదు."

అది వాళ్లకు నచ్చింది. చీటీలకు వెనకవైపు కూడా రంగులు వేయవచ్చని స్వీటీ కళ్లు తుడుచుకుంది. నందు మాత్రం చివరి పురికొస దగ్గర ఆగాడు. "టీచర్, మీ పేరు తీస్తలేరు?"

"నాది ఉండనియ్యి. పేరు లేకపోతె, అందరికంటె బుడ్డది నాదేనా, నీదేనా అని ఒక్కొక్కరు కొట్లాటకు వస్తరు. బుడ్డది ఎవరిదో తెలిసిపోతె ఇగ లొల్లెందుకు?"

శనివారం గల్లీ అంతా వచ్చింది. బుచ్చమ్మ లోపలికి రాకుండా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడింది. కమలకుమారి కళ్లజోడు సర్దుకుని గోడను ఆ చివర నుంచి ఈ చివరకు చదివింది. చివరి చీటీ దగ్గర ఆమె ముఖం దీపావళి అయింది.

"అయ్యో టీచర్ గారూ! అన్నిటికంటే తక్కువ మీదా అండీ?"

రవీందర్ గోడ దగ్గరికి దూసుకొచ్చాడు. "యా అల్లా! గింత అడిగి అడిగి గింతేనా టీచర్? మేమందరం మీకు భయపడి ఇస్తున్నం గద!"

గల్లీ గల్లీ అంతా పగలబడి నవ్వింది. ఆమె కూడా నవ్వింది గానీ చెవులు ఎర్రబడ్డాయి. ఏళ్ల తరబడి సంపాదించుకున్న పేరు, గోడకు వేలాడుతున్న పురికొస కింద పోయింది.

"బాబూ, ఇందులో నాది ఏదమ్మా?" అని కమలకుమారి నందును పట్టుకుంది. వాడికి తెలుసు. నోరు తెరిచాడు కూడా. టీచర్ బీరువాలోని మరమరాలు గుప్పెడు తీసి ఆ నోట్లో పోసింది. వాడు నమిలేలోపు కమలకుమారే అన్నిటికంటే పొడుగుదాన్ని వేలితో చూపించింది. "ఇదే అయ్యుంటుంది. బుచ్చమ్మకు నేనంటే ప్రాణమండీ."

"ఏం కాదు, అది మా ఇంటిది" అన్నది రవీందర్ భార్య. ఇంకొకామె కూడా అదే తనదన్నది. కాసేపు ముగ్గురూ ఆ పురికొస కోసం కొట్లాడుకున్నారు. నిజానికి అది షారోన్‌ది. ఆమె మాత్రం మరమరాలు తింటూ చూసింది. గుమ్మం దగ్గర బుచ్చమ్మ భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నదేమో అనుకుని చూశాను. కాదు.

ఆ సాయంత్రం గంప దగ్గర గిరాకీ మామూలు కంటే ఎక్కువే. కానీ టీచర్‌కు గల్లీలో గడ్డు రోజులు వచ్చాయి. "పూలామెనే ఇయ్యదట, నేనెందుకియ్యాలె?" అన్నాడు టమాటల అతను. రవీందర్ చింతపండు కట్టి వెంటనే పొట్లం మూసేశాడు.

సోమవారం ఆమె బుచ్చమ్మ గంప ముందు ఆగి మూర అడిగింది. బుచ్చమ్మ కొలిచింది. టీచర్ పైన ఏమీ అడగలేదు. నిలబడింది.

"ఏం టీచరమ్మా, జెరమొచ్చిందా?"

"లేదు. అడగనోళ్లకు మనసున్న కాడికి అంటివి గద. సూస్తున్న."

"నోరు అడుగుతలేదు గని, కండ్లు అడుగుతున్నయ్."

టీచర్ కళ్లు మూసుకుంది, నడిబజారులో, చేతిసంచి పట్టుకుని. బుచ్చమ్మ పూలు కొలవలేదు. చుట్టలో నుంచి చెయ్యి నిండా తీసింది, ఇంకా తీసింది, దారం కొరికి, లేచి నిలబడి తానే ఆమె జడలో పెట్టింది. పూలు రెండు వైపులా భుజాల దాకా వేలాడాయి.

టీచర్ కళ్లు తెరవకుండానే చేత్తో తడిమి చూసుకుంది. ఒక చివర నుంచి ఇంకో చివర దాకా, జానలు వేసుకుంటూ. ముఖం విప్పారింది.

"పైన రెండు ఎయ్యవే" అన్నది.