మామా, నేనూ, చైనా రొయ్యల తొట్టీ

వయసులో ఉన్నప్పుడు మనిషికి నిద్ర ఎంత విరివిగా దొరికేదో తలుచుకుంటే ఇప్పుడు అసూయ కలుగుతుంది. నా ఇరవై మూడో ఏట నేను ఎక్కడ కూర్చుంటే అక్కడ నిద్రపోయేవాణ్ణి. బస్సులో, చర్చిలో, మేతబస్తాల మీద, ఒకసారి పెళ్ళిపంక్తిలో పప్పుకీ పులుసుకీ మధ్య. ఆ విద్యని ఇంట్లో అందరూ ముచ్చటగానే చూసేవాళ్ళు. మా మామ (అమ్మకి అన్న) నన్ను చిట్టమూరు పక్కన తన రొయ్యల గుంటల మీద రాత్రి కాపలాకి పెట్టేవరకూ అది ఎవరికీ నష్టం కలిగించలేదు.

రొయ్యల సంగతి తెలియనివాళ్ళకి ఒక్క ముక్క చెప్పాలి. గుంటలో నీటిని చిలికే ఏరియేటర్లు రాత్రంతా తిరగాలి. కరెంటు పోతే వెంటనే జనరేటర్ వెయ్యాలి. వెయ్యకపోతే నీళ్ళలో గాలి తగ్గి రొయ్యలన్నీ పైకొచ్చి ఊపిరికోసం కొట్టుకుంటాయి, తెల్లారేసరికి చస్తాయి. ఒక రాత్రి కరెంటు పోయింది. నేను చెవుల్లో పాటలు పెట్టుకుని హాయిగా నిద్రపోయాను. పొద్దున మామ వచ్చేసరికి గుంట ఒడ్డంతా తెల్లగా రొయ్యలు. రెండున్నర నెలల పంట. తిడతాడనుకున్నాను, కొట్టినా సంతోషమే అనుకున్నాను. ఆయన తుండుతో మొహం తుడుచుకుని, "పా అబ్బయా, టీ తాగుదాం" అన్నాడు. అంతే, ఆ తరవాత ఒక్క మాట ఎత్తలేదు. కానీ ఆ రోజు నుంచి కాపలా టార్చిలైటు నా చేతికివ్వలేదు. పగలు మేతబస్తాలు లెక్కపెట్టుకునే పనికి మార్చేశాడు. ఆ టార్చిలైటు మళ్ళీ నా చేతికి రావాలన్నది తప్ప ఆ ఏడాది నాకు వేరే కోరిక లేదు.

అలాంటివాణ్ణి ఆయన చైనాకి ఎందుకు తీసుకెళ్ళాడంటే, కొత్తరకం ఏరియేటర్లు తయారయ్యే చోటే చూసి కొనాలని ఆయన పట్టుదల, మా వంశం మొత్తానికి పాస్‌పోర్టున్న రెండో మనిషిని నేను. (గల్ఫ్‌కి పోదామని తీయించాను. నాకంటే ముందు ఏజెంటే ఎక్కడికో వెళ్ళిపోయాడు.) మేం దిగిన ఊరి పేరు ఇప్పటికీ నా నాలుకకి అందదు. దక్షిణాన సముద్రం పక్క ఊరు. ఎటు చూసినా సగం కట్టిన మేడలు, వాటి నెత్తిన క్రేన్లు. రెండు అద్దాల మేడల మధ్య సందులో ఒక ముసలామె నిమ్మళంగా బాతుకి ఈకలు పీకుతూ ఉండేది. ఎలక్ట్రిక్ స్కూటర్లు చప్పుడు లేకుండా వెనకనుంచి వచ్చేవి. మామ ప్రతిసారీ "స్తోత్రం!" అని ఎగిరి పక్కకి దూకేవాడు. ఆయన మా చర్చి సంఘానికి పెద్ద, ఆదివారం రెండో పాట ఎత్తుకునేది ఆయనే.

హోల్‌సేల్ మార్కెట్టు సంగతి వేరే చెప్పాలి. ఒక భవనం మొత్తం బొత్తాలే. ఇంకొక దాంట్లో ఒక అంతస్తంతా గొడుగు పిడులు. గొడుగులు ఎక్కడని అడిగితే వేరే వీధి అని చూపించారు. "ఒక్క బొత్తాం ఊడితే ఇంత దూరం రావాల్నా వీళ్ళు?" అని మామ జాలిపడ్డాడు. ఏరియేటర్ల కొట్లో అన్నీ మాట్లాడుకున్నాక, సంతకానికి ముందు ఆయన అలవాటు ప్రకారం కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలెట్టాడు. మామ ప్రార్థన పొట్టిది కాదు. మా సంఘంలోని రోగులందరినీ పేరుపేరునా తలుచుకుంటాడు. ఎదురుగా ఉన్న సేల్స్ అమ్మాయి, ఈయనకి బేరం నచ్చక మౌనం పట్టాడనుకుని వారంటీ ఒక ఏడాది పెంచింది. ఆయన విధవరాళ్ళ దగ్గరికొచ్చేసరికి ఒక స్పేర్ మోటారు కలిపింది. ఆమెన్ అనేసరికి ఆ అమ్మాయికి చెమటలు పట్టాయి.

ఆఖరి సాయంత్రం వచ్చింది. హోటలు కిటికీలోంచి చూస్తే వీధంతా ఎరుపూ నీలమూ మెరుస్తూ, పాటలు వినపడుతూ ఉన్నాయి. మామ కర్టెన్ లాగేశాడు. "ఆ వెలుతురంతా సైతానుది రా. బయట అడుగు పెట్టబాక. నాకు నడుం నొప్పిగా ఉండాది, నేను పడుకుంటుండా. నీ గదికి పోయి నువ్వూ పడుకో" అన్నాడు. జీవితంలో మొదటిసారి నాకు నిద్ర రాలేదు. ఊళ్ళో స్నేహితులకి చైనా నైట్‌లైఫ్ ఫోటోలు పంపుతానని మాటిచ్చి ఉన్నాను మరి. అరగంట ఆగి, చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగాను.

కూడలిలో మా అమ్మ వయసు ఆడవాళ్ళు ముప్పైమంది స్పీకర్ పెట్టుకుని వరసగా నిలబడి డాన్సు చేస్తున్నారు. (నేను ఆశించిన నైట్‌లైఫ్ అది కాదు. అయినా ఫోటో తీశాను.) ఆ పక్క సందంతా తిండి. పుల్లకి గుచ్చిన ఆక్టోపస్‌లు, పొగలు, తలకి మెరిసే కొమ్ములు పెట్టుకున్న పిల్లలు, మైకులో ఏడుపుగొంతుతో పాడే ఒక కుర్రాడు. ఒక హోటలు ముందు అద్దాల తొట్లలో బతికున్న చేపలు, పీతలు, రొయ్యలు. ఆ రొయ్యల తొట్టి ముందు నా కాళ్ళు ఆగిపోయాయి. బుడగలు రావడం లేదు. రొయ్యలన్నీ పైకొచ్చి, మీసాలు నీటిపైన పెట్టి కొట్టుకుంటున్నాయి.

ఆ తరవాత నేనేం చేశానో నేను చెప్పేదానికంటే అక్కడివాళ్ళు తీసిన వీడియోలే బాగా చెబుతాయి. "కరెంటు పోయింది! జనరేటర్ ఎయ్యండి!" అని అచ్చ నెల్లూరు తెలుగులో అరుస్తూ, పక్క బల్లమీది సూపు గరిటె లాక్కుని తొట్టిని చిలకడం మొదలెట్టాను. నీళ్ళు నలుగురు అమ్మాయిల గౌన్ల మీద పడ్డాయి. పాడే కుర్రాడు పాట ఆపాడు. అప్పుడు నా పక్కన ఇంకో రెండు చేతులు తొట్టిలోకి దిగి, గిన్నెతో నీళ్ళు ముంచి ఎత్తునుంచి పొయ్యసాగాయి. "పైనుంచి పొయ్యాల రా, అప్పుడే గాలి పట్టేది!" ఆ గొంతు నాకు తెలుసు. తలెత్తితే మామ. నడుం నొప్పి మామ. మూతికి బీరు నురగ, నెత్తిన మెరుస్తున్న ఎర్ర కొమ్ములు.

హోటలాయన కత్తి పట్టుకుని లోపల్నుంచి ఉరికొచ్చాడు. మామ భయపడకుండా గోడవైపు వేలు చూపించాడు. ఎవరో మహానుభావుడు తొట్టి పంపు ప్లగ్గు పీకి ఫోను ఛార్జింగు పెట్టుకున్నాడు. హోటలాయన ఆ ఫోను ఊడబీకి, పంపు పెట్టి, బుడగలు రాగానే మమ్మల్నిద్దర్నీ కావలించుకున్నాడు. కుర్చీలేసి కూర్చోబెట్టి, మేం ప్రాణం పోసిన ఆ రొయ్యల్నే పది నిమిషాల్లో వెల్లుల్లి వేసి వేయించి తెచ్చాడు. నేను మొహమాటపడ్డాను. మామ పడలేదు. "ఊపిరాడక చావడం వేరు, నూనెలో ఏగడం వేరు. తిను" అన్నాడు. నేను గబుక్కున ఒక ఫోటో తీశాక, కొమ్ములు తీసి బల్లమీద పెట్టి, "నువ్వు నన్ను చూళ్ళేదు, నేను నిన్ను చూళ్ళేదు. మీ అత్తకి తెలిసిందంటే సంఘం దాకా పోతాది" అన్నాడు. సరేనన్నాను. రొయ్య తోక తీసుకుంటూ, నావైపు చూడకుండానే అన్నాడు:

"ఈసారి మేలుకోనే ఉండావు రా."

ఏడాదిగా ఎత్తని మాట. నాకు ఏడుపొచ్చేసింది. మిరపకాయ కొరికానని చెప్పాను. ఊరికి తిరిగొచ్చిన రోజు సాయంత్రం, టార్చిలైటు కొత్త సెల్సు వేసి నా చేతిలో పెట్టాడు.

ఇప్పుడు ఆ గుంటలు నేనే చూసుకుంటున్నాను. మోకాళ్ళ నొప్పులతో మామ ఇల్లు కదలడం లేదు. కరెంటు పోతే జనరేటర్ దానంతటదే లేస్తుంది, ఫోన్లో సైరన్ మోగుతుంది. ఎవరూ మేలుకోనక్కర్లేదు. అయినా నిద్రపట్టని రాత్రుల్లో మామ ఫోన్ చేస్తాడు. "మేలుకోనే ఉండావా?" అని అడుగుతాడు. గొంతు సవరించుకుని, "ఉండా మామా" అంటాను. "పడుకుని లేచిన గొంతులాగుండాదే" అంటాడు. "కొమ్ముల ఫోటో అత్తకి పంపేదా?" అంటాను. అవతల నవ్వు వినపడుతుంది, తరవాత దగ్గు. ఫోన్ పెట్టేశాక నాకు మళ్ళీ నిద్ర పట్టదు. లేచి టార్చిలైటు తీసుకుని, అక్కర్లేకపోయినా, గట్టుమీద ఒక చుట్టు తిరిగొస్తాను.