బొట్టు కింద రెండు లైన్లు

2004, వానాకాలం మొదలు. పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఒక చిన్న ఫ్యాక్టరీలో నేను ప్రెస్ షాప్ ఇన్‌ఛార్జిని. ప్రెస్ షాప్ అంటే ఇనుపరేకును అచ్చుల మధ్య పెట్టి నొక్కి, కావలసిన ఆకారానికి తెచ్చే విభాగం. పెళ్లిచూపుల్లో 'ప్రెస్‌లో పని' అని చెబితే మా మామగారు పత్రిక అనుకున్నారు. నిజం తెలిసేసరికి శుభలేఖలు అచ్చయిపోయాయి, అదీ వేరే ప్రెస్‌లో.

మా షాపులో అన్నిటికన్నా పెద్దది జపాన్ నుంచి సెకండ్‌హ్యాండ్‌లో వచ్చిన హైడ్రాలిక్ ప్రెస్. నూనె ఒత్తిడితో నడుస్తుంది. పైనున్న బరువైన ఇనుప దిమ్మెను స్లైడ్ అంటాం. అది దిగితే రేకు వంగుతుంది. మెషీన్‌తో మాన్యువల్ రాలేదు. జపాన్ అక్షరాల ప్లేటు ఒకటి మాత్రం దాని ఒంటికి బిగించి వచ్చింది. అది తయారీ కంపెనీ పేరని నా నమ్మకం. ఏటా దసరాకు ఆయుధపూజ రోజున ఆ ప్లేటు నాకు మెషీన్ నుదురులా కనిపించేది. పసుపు రాసి, అందరికన్నా పెద్ద బొట్టు నేనే పెట్టేవాణ్ణి. ఏ ఏటి బొట్టు తుడవకుండా దాని మీదే కొత్తది. నూనె మరకలతో కలిసి అది ఎర్రటి పెచ్చులా గట్టిపడింది.

ఆ ప్రెస్ మీద మూడేళ్ల కిందట సత్తయ్య కుడిచేతి వేళ్లు రెండు పోయాయి. సత్తయ్యది పక్క ఊరు ఇంద్రేశం. నాలుగెకరాల రైతు కొడుకు, పది పాసయి ఫ్యాక్టరీకి వచ్చాడు. ఇరుక్కున్న రేకును తీయబోతే స్లైడ్ దిగింది. ఆసుపత్రిలో అతను అన్నది ఒక్కటే మాట: "స్విచ్ బంద్ చేసిన సార్."

మర్నాడు మేం విచారణ చేశాం. మెషీన్ నడిపి, స్విచ్ ఆపి చూడాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. రాత్రంతా ఆగి ఉన్న మెషీన్‌లోనే చెక్క పెట్టి చూశాం. స్లైడ్ అంగుళం కదల్లేదు. 'స్విచ్ ఆపకుండా చేయి పెట్టాడు, ఆపరేటర్ నిర్లక్ష్యం' అని రిపోర్టు రాసి సంతకం చేసింది నేనే. సత్తయ్య ఉద్యోగం పోలేదు. పనిముట్లు ఇచ్చి పుచ్చుకునే టూల్ క్రిబ్‌లో కూర్చోబెట్టారు. షాపులో మాత్రం అతని పేరు 'స్విచ్ సత్తి' అయింది. అబద్ధమాడేవాణ్ణి కూడా 'స్విచ్ బంద్ చేసిండు రా' అనేవాళ్లు. నేనూ నవ్వినవాణ్ణే.

ఆ వానాకాలంలో ఒక మధ్యాహ్నం రేకు మందం కొలిచే గేజ్ కోసం టూల్ క్రిబ్‌కు వెళ్లాను. సత్తయ్య లేడు. డ్రాయర్ తీస్తే, రబ్బరుబ్యాండ్లు వేసిన అట్టముక్కల కట్టలు. ప్యాకింగ్ డబ్బాలు కత్తిరించి చేసినవి. వాటి మీద ఏవో గీతలు. మట్కా చీటీలే అనుకున్నాను. ఈలోగా అతను వచ్చాడు.

"ఏంటయ్యా ఇవి? కంపెనీలో జూదమా?"

"జూదం గాదు సార్. జపాన్."

నేను కట్ట విప్పి చూశాను. అట్టకు ఒకవైపు జపాన్ అక్షరం, రెండోవైపు తెలుగులో పలుకు, అర్థం. ఎడమచేత్తో రాసినవి, కాబట్టి తెలుగు వంకరగా ఉంది, జపాన్ మాత్రం తీర్చిదిద్దినట్టుంది.

"ఎవరు నేర్పారు?"

"ఎవలు నేర్పుతరు సార్? ఆయితారం ఆయితారం ఇంటర్నెట్ సెంటర్ల కూసుంట. గీతలు లెక్కవెట్టి అక్షరం దేవులాడే డిక్షనరీ ఉంటది అండ్ల. దొరికింది రాసుకుంట, ఈడ తిప్పుకుంట సదువుత. రెండేండ్లాయె."

"జపాన్ పోతావా ఏంటి?"

అతను నవ్వలేదు. "పోను సార్. మొన్న దసరాకు మెషీన్లు తుడిసే పని నాకే ఇచ్చిన్రు గదా. బొట్టు గీకి, కింద ఉన్నది రాసుకున్న. మల్ల మీరొచ్చి బొట్టు పెట్టిన్రు."

"అది కంపెనీ పేరు కదా?"

"దవాఖాన నుంచి రాంగనే అడిగితే మీరు గట్లనే అన్నరు. బొట్టు పక్కకెళ్లి రెండు లైన్ల అంచులు అగుపడుతుండె. పేరు రెండు లైన్లుంటదా సార్? నాకు గప్పుడే అనుమానం కొట్టింది."

జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి, వేలు పెట్టి చదివాడు. "సుయిచ్చి ఓ కిత్తెమొ అత్సుర్యొకు గ నొకొరు. సుయిచ్చి అంటే మన స్విచ్చే సార్. స్విచ్ బంద్ జేసినా ప్రెషర్ ఉంటది. గేజ్ ముల్లు సున్నకు వచ్చేదాంక చెయ్యి పెట్టొద్దు. ఇగ రెండో లైన్ల, స్లైడ్ కింద దిమ్మె పెట్టి పని జెయ్యాలని ఉన్నది."

నేను కాగితం అందుకున్నాను. "నిజమేనా? సరిగ్గా చదివావా?"

"పరేషాన్ కాకున్రి. ఒక్కసారి నడిపి చూడున్రి."

ఆ సాయంత్రం షిఫ్టు మారేటప్పుడు ప్రెస్‌ను పావుగంట నడిపించాను. మెయిన్ స్విచ్ నేనే ఆపాను. గేజ్ ముల్లు కిందికి రాలేదు. అచ్చుల మధ్య చెక్కముక్క పెట్టి, రేకు లాగినట్టే దూరం నుంచి ఇనుపకడ్డీతో కదిపాం. స్లైడ్ ధడేలుమని దిగింది. చెక్క పిండయింది. ఆ చప్పుడుకు పక్కనున్న రేకుల దొంతర మీద కూర్చుండిపోయాను. యాక్యుమ్యులేటర్ అని ఒక సిలిండరుంటుంది. నూనె ఒత్తిడిని దాచుకుంటుంది. విచారణ నాటికి రాత్రంతా అది కారిపోయి ఖాళీ అయింది. సత్తయ్య చేయి పెట్టినప్పుడు మాత్రం నిండుగా ఉంది.

అతని తలరాత అనుకున్నది నా చేతిరాత.

"ఎవర్నయినా పిలిచి చదివించుకోవాల్సింది కదయ్యా, రెండేళ్లెందుకు కష్టపడ్డావు?" అన్నాను, ఎటో చూస్తూ.

"ఎవడో చెప్పిండంటే మల్ల నన్నే అబద్ధం అందురు. నేనే సదవాలె. ఏ అక్షరం అడిగినా జవాబియ్యాలె."

"ఇప్పుడేం చేయమంటావు?"

"నా పేరు మీదున్న అబద్ధం తీసెయ్యిన్రి. గంతే."

మేనేజరు ఫైలు చూసి విసుక్కున్నాడు. "మూడేళ్ల కిందటిది ఇప్పుడెందుకు తవ్వుతారండీ? మీకే చుట్టుకుంటుంది."

"చుట్టుకోనివ్వండి. సంతకం నాదే" అన్నాను. ధైర్యం కాదు, ఆ చెక్క చప్పుడు ఇంకా చెవుల్లో ఉంది. కొత్త రిపోర్టు రాశాను: ఆపరేటర్ స్విచ్ ఆపాడు. హెచ్చరిక ప్లేటు చదివించకపోవడం ఇన్‌ఛార్జి నిర్లక్ష్యం. నాకు మెమో వచ్చింది, ఆ ఏటి ప్రమోషన్ పోయింది. ఇంట్లో మాత్రం, ఇంకో ఏడాది కూడా ఇదే ప్రెస్‌లో అని చెప్పి ఊరుకున్నాను.

రిపోర్టు రాసిన మరుసటి ఉదయం షిఫ్టుకు ముందు అందర్నీ వరసగా నిలబెట్టి ఆ రిపోర్టు గట్టిగా చదివాను. సత్తయ్య చివరి వరసలో నిలబడి విన్నాడు. ఎప్పుడూ జేబులోనే ఉంచే కుడిచేయి ఆ రోజు బయటే ఉంది. 'స్విచ్ సత్తి' అని పిలిచేవాళ్లలో ఒకడు దగ్గరకొచ్చి, "సత్తన్నా, జెర నా పేరు గూడ జపాన్ల రాయరాదే" అన్నాడు.

దసరాకు ప్లేటు పక్కన తెలుగు ప్లేటు బిగించి, బొట్లు రెంటికీ అంచున పెట్టాం. పూజయ్యాక సత్తయ్య నాకో అట్టముక్క ఇచ్చాడు. ఒకవైపు నాలుగు గీతల అక్షరం, రెండోవైపు వంకర తెలుగులో 'చేయి'. ఇప్పటికీ అది నా పర్సులో ఉంది.

ఏ దేశపు మెషీనొచ్చినా, దాని మీద రాసింది చదివించే దాకా మీట నొక్కనివ్వలేదు ఆ తర్వాత. కానీ నేను నేర్చుకున్న పాఠం అది కాదు. జపాన్ భాష చదవడానికి సత్తయ్యకు రెండేళ్లు పట్టింది. 'స్విచ్ బంద్ చేసిన' అన్న మూడు ముక్కల తెలుగు అర్థం కావడానికి నాకు మూడేళ్లు పట్టింది.